నైట్రోజన్ నింపితే హ్యాండిలు వణుకు తగ్గుతుందా?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి కనుక ముందు వాటిని విడదీసుకుంటాను. మీరు కోరాపుట్‌లో ఉద్యోగం చేస్తూ నెలకు రెండు మూడుసార్లు సుంకి ఘాటీ దిగి, సాలూరు, రామభద్రపురం మీదుగా విజయనగరం వెళ్ళి వస్తున్నారు. బండి 350 సీసీది. స్పోకు చక్రాలు, ట్యూబు టైర్లు. ముందు టైరు కొత్తది వేయించిన నాటి నుంచి ఘాటీలో ఏమీ తెలియడం లేదు గాని, సాలూరు దాటి దారి తిన్నగా అయ్యాక 65కీ 75కీ మధ్య వేగంలో హ్యాండిలు వణుకుతోంది. టైరు వేసిన కొట్టుకు తిరిగి వెళితే వారు రెండు చక్రాలకూ నైట్రోజన్ నింపి, ఇక బ్యాలెన్సింగు అవసరం లేదని చెప్పి పంపారు; వణుకు మాత్రం అలాగే ఉంది. నైట్రోజన్ నిజంగా మేలేనా, స్పోకు చక్రానికి బ్యాలెన్సింగు చేస్తారా, దారిలో నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కలపవచ్చా అన్నవి మీ సందేహాలు.

జయపురంలో ఇరవై ఆరేళ్ళుగా టైర్ల పని చేస్తున్నవాడిగా మొదట చెప్పవలసిన మాట ఇది: ఆ కొట్టువారు చెప్పిన రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. బ్యాలెన్సింగు అనేది చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా అన్న సంగతి. లోపలి వాయువు, అది గాలి కానీ నైట్రోజన్ కానీ, ట్యూబు అంతటా సమానంగా పరుచుకునే ఉంటుంది. ఒక పక్కన చేరి బరువు పెంచదు, ఇంకో పక్క బరువును సరిదిద్దదు. అసలు దాని బరువెంతో చూడండి. మీ ముందు చక్రం 19 అంగుళాలది. ఆ టైరులో సుమారు పదకొండు పన్నెండు లీటర్ల చోటు ఉంటుంది. 30 పాయింట్లు (పీఎస్‌ఐ) కొట్టినప్పుడు అందులో పట్టే గాలి మొత్తం నలభై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. నైట్రోజన్ గాలి కన్నా నూటికి మూడు పాళ్ళు తేలిక కాబట్టి, గాలి తీసేసి నైట్రోజన్ పెడితే చక్రం మొత్తం మీద తగ్గేది ఒక గ్రాము, మహా అయితే గ్రామున్నర. కొత్త టైరులోనైతే ఒకచోట రబ్బరు మందం ఎక్కువై ఇరవై ముప్పై గ్రాముల తేడా ఉండటం మామూలే.

ఇక నైట్రోజన్ సంగతి. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ఆక్సిజన్, మిగిలిన ఒక పాలులో ఆర్గాన్ మొదలైనవి ఉన్నాయి. అంటే మామూలు గాలి కొట్టించినా మీరు ముప్పాతిక వంతుకు పైగా నైట్రోజనే కొట్టించుకుంటున్నారు. ఆకుపచ్చ వాల్వు మూత పెట్టి డబ్బులు తీసుకునేది మిగతా పావు వంతు కోసం. ఆ పావు వంతుకు విలువ లేదని నేను అనను. రబ్బరులోంచి ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా మూడు నాలుగు రెట్లు త్వరగా బయటికి పోతుంది కనుక, నైట్రోజన్ నింపిన టైరులో ఒత్తిడి కాస్త నెమ్మదిగా దిగుతుంది. ఎంత నెమ్మదిగా అన్నదే ప్రశ్న. అమెరికాలో వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ వారు 31 రకాల కారు టైర్లను 30 పాయింట్లకు నింపి, ఏడాది పాటు ఆరుబయట ఉంచి కొలిచి, 2007లో ఫలితం ప్రకటించారు. గాలి నింపినవి సగటున 3.5 పాయింట్లు కోల్పోతే, నైట్రోజన్ నింపినవి 2.2 పాయింట్లు కోల్పోయాయి. ఏడాదికి ఒక పాయింటూ కొంచెమూ తేడా. మీ బండికి ట్యూబు ఉంది, అది పలుచనిది. వాల్వు పిన్ను దగ్గర దుమ్ము చేరితేనే నెలకు రెండు పాయింట్లు దిగుతాయి. అటువంటి చోట ఆ తేడాను వెతికి పట్టుకోవడం కష్టం.

పైగా మన ఊళ్ళలో నైట్రోజన్ నింపే పద్ధతి చూస్తే ఆ కొద్ది లాభం కూడా సగం పోతుంది. ట్యూబులెస్ టైరులో గాలి మొత్తం వదిలేశామనుకున్నా, లోపల బయటి వాతావరణపు ఒత్తిడితో గాలి మిగిలే ఉంటుంది. సముద్రమట్టం లెక్కన అది 14.7 పాయింట్లు. దాని మీద 30 పాయింట్ల నైట్రోజన్ కొడితే లోపల మొత్తం 44.7 అయి, అందులో మూడో వంతు పాత గాలే అవుతుంది. లెక్క వేస్తే నైట్రోజన్ పాలు 93 దగ్గరికి వస్తుంది. మళ్ళీ ఒకసారి వదిలి నింపితేనే 97 దాటుతుంది. అదీ మెషీనులోంచి స్వచ్ఛమైన నైట్రోజన్ వస్తేనే. 20 పాయింట్ల గాలి ఉన్న టైరు మీద పది పాయింట్ల నైట్రోజన్ కొట్టి మూత మార్చితే 78 పాళ్ళు కాస్తా 83 అవుతుంది, అంతే. ఈ విషయంలో మీ ట్యూబు టైరే నయం: వాల్వు పిన్ను తీసి టైరును నాలుగు వైపులా నేలకు అదిమితే ట్యూబు నలిగి పాత గాలి చాలావరకు బయటికి పోతుంది. అయితే అలా అదిమి తీసిన కొట్టును నేను ఇంతవరకు చూడలేదు, నా కొట్టుతో సహా.

ఎండకు నైట్రోజన్ ఉబ్బదు, గాలి ఉబ్బుతుంది అని చెప్పే మాట మాత్రం పొరపాటు. ఈ ఒత్తిళ్ళలో పొడి వాయువు ఏదైనా వేడికి ఒకేలా ఉబ్బుతుంది. 30 పాయింట్ల టైరులో పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పాయింటు మారుతుంది. మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీల ఎండలో జయపురంలో 30 పాయింట్లు కొట్టించి, ఒక్క చుక్క గాలి పోలేదనుకుని, జనవరి తెల్లవారుజామున 8 డిగ్రీల చలిలో కొలిస్తే 26 చూపిస్తుంది. నైట్రోజన్ అయినా 26 చూపిస్తుంది. పొట్టంగి, సెమిలిగుడ వైపు చలికాలంలో బండి బరువుగా నడుస్తోందని వచ్చేవారిలో చాలామందికి పంక్చరూ ఉండదు, మరో రోగమూ ఉండదు. వేసవిలో కొట్టించిన గాలి చలికి ముడుచుకుని ఉంటుంది.

అయితే తేమ విషయంలో నైట్రోజన్‌కు నిజమైన మేలు ఉంది, దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. కంప్రెషరు బయటి గాలిని పీల్చి నొక్కినప్పుడు అందులోని ఆవిరి నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. శ్రావణ భాద్రపదాల్లో కోరాపుట్ జిల్లాలో పడే వానకు, రోజూ సాయంత్రం ట్యాంకు కింది కుళాయి విప్పకపోతే ఆ నీరు గొట్టం దాకా వస్తుంది. ఒక ఏడాది ఆగస్టులో పంక్చరు కోసం ఒక ట్యూబు విప్పి, వాల్వు కిందికి పెట్టి పిండాను. తుప్పు రంగు నీళ్ళు, టీ డికాక్షనులాగా, అరగ్లాసు దాకా నా చేతి మీదుగా కారాయి. అవి నా కొట్టు కంప్రెషరు నీళ్ళే. వారం ముందు ఆ బండికి గాలి కొట్టింది నేనే. ఆ రోజు నుంచి కొట్టు మూసే ముందు కుళాయి విప్పి, బుసబుసమంటూ పొడి గాలి వచ్చే దాకా వదలడం అలవాటు చేసుకున్నాను. అటువంటి నీరు లోపల ఉంటే రెండు నష్టాలు. టైరు వేడెక్కి 60 డిగ్రీలకు చేరినప్పుడు ఆ నీటి ఆవిరి ఒక్కటే మరో రెండు మూడు పాయింట్లు కలుపుతుంది. చల్లారితే మళ్ళీ నీరవుతుంది. ఇక నీరు అడుగున కదులుతూ ఉన్నంతసేపు ఎవరు ఎంత శ్రద్ధగా బ్యాలెన్సింగు చేసినా నిలవదు. ట్యూబులెస్ అయితే రిమ్ము లోపలి పూత కూడా పాడవుతుంది. నైట్రోజన్ మెషీను నుంచి వచ్చే వాయువు పొడిగా ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. పందెం బండ్లవారు నైట్రోజన్ వాడటానికి ముఖ్యకారణం ఈ పొడితనమే. విమానాలకైతే కారణం వేరు: బ్రేకులు విపరీతంగా వేడెక్కినప్పుడు టైరు లోపలి రబ్బరు ఆవిరులు ఆక్సిజన్‌తో కలిసి పేలే ప్రమాదం ఉంది. 1986లో మెక్సికోలో ఒక బోయింగ్ 727 అలా చక్రం పేలి కూలిపోయింది. అందుకే పెద్ద విమానాల బ్రేకు చక్రాల్లో ఆక్సిజన్ నూటికి 5 పాళ్ళు మించకూడదన్న నిబంధన ఉంది. మన బండి సుంకి మలుపుల్లో ఎంత బ్రేకు పట్టినా ఆ వేడి దరిదాపులకు రాదు.

కాబట్టి నైట్రోజన్ మీద నా అభిప్రాయం: ఉచితంగా ఇస్తే వద్దనకండి, పది ఇరవై రూపాయలు అడిగితే మీ ఇష్టం, దాన్ని నమ్మి నెలల తరబడి మీటరు పెట్టి చూడకపోతే మాత్రం గాలి కన్నా అదే చెరుపు చేస్తుంది. నైట్రోజన్ కొట్టించానన్న ధైర్యంతో ఆరు నెలలు వాల్వు మూత విప్పనివారి టైర్లే నా దగ్గరికి పక్కలు అరిగి వస్తాయి.

ఒత్తిడి ఎంత ఉండాలన్నది నేనో మరొకరో చెప్పేది కాదు. మీ బండి మాన్యువల్‌లో ఒక్కరికీ, ఇద్దరికీ వేర్వేరుగా రాసి ఉంటుంది, చాలా బండ్ల మీద చెయిను గార్డు దగ్గరో స్వింగ్ ఆర్ము మీదో స్టిక్కరు కూడా ఉంటుంది. టైరు పక్క గోడ మీద ముద్రించే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. దాన్ని చూసి కొట్టించేవారు తరచుగా కనిపిస్తారు, అది తప్పు. కొలవవలసింది చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉన్నప్పుడు. రామభద్రపురం దాకా నడిపి, వేడి మీద కొలిచి, నాలుగు పాయింట్లు ఎక్కువ ఉన్నాయని ఆ మేరకు గాలి తీసేస్తే, మర్నాడు ఉదయం ఆ నాలుగూ తక్కువ ఉంటాయి. మరో చిన్న సంగతి, ఘాటీ ఎక్కి దిగేవారికి ఆసక్తి ఉంటుందని చెబుతున్నాను. మీటరు చూపించేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడా. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు ఘాటీ అడుగున ఉంది. బయటి గాలి కింద బరువు, పైన తేలిక కాబట్టి, ఒకే టైరు కోరాపుట్‌లో చూపిన దానికన్నా సాలూరులో సుమారు ఒక పాయింటు తక్కువ చూపాలి. అయితే సాలూరు ఎండ ఆ పాయింటును తిరిగి ఇచ్చేస్తుంది. దీనికోసం ఏమీ చేయనక్కరలేదు. రెండు ఊళ్ళలో రెండు అంకెలు కనిపిస్తే కంగారు పడవద్దనే చెప్పడం.

అంతకన్నా పెద్ద తేడాలు మీటర్ల వల్ల వస్తాయి. సాలూరు లారీలకు పేరున్న ఊరు. ఘాటీ దారి పొడుగునా గాలి కొట్టే చోట్లన్నీ లారీల కోసం పెట్టినవే. ఆ మీటర్ల మీద అంకెలు 200 దాకా ఉంటాయి. అందులో 25కీ 30కీ మధ్య ముల్లు జరిగేది గోరు మందం. లారీ టైరుకు అది సరిపోతుంది, మీ టైరుకు సరిపోదు. 60 పాయింట్ల దాకా ఉండే చిన్న మీటరు ఒకటి కొని టూల్ బాక్సులో పెట్టుకోండి. అది రెండు పాయింట్లు తప్పు చూపినా ఎప్పుడూ అదే తప్పు చూపుతుంది కాబట్టి టైరు దిగిందా నిలిచిందా అన్నది తెలిసిపోతుంది. పది చోట్ల పది మీటర్లు చూసేవారికి అది ఎన్నటికీ తెలియదు.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. వణుకు ఏ వేగంలో వస్తోందో చెప్పడం మీరు చేసిన మంచి పని, సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఇరవై ముప్పైలోనే హ్యాండిలు అటూ ఇటూ ఊగితే అది రిమ్ము ఔట్ (రిమ్ము వంకరగా తిరగడం) కానీ, టైరు సరిగా కూర్చోకపోవడం కానీ అవుతుంది. వేగం తగ్గించుకుంటూ వచ్చేటప్పుడు, చేతులు వదులు చేస్తే యాభై దగ్గర ఊగితే కోన్‌సెట్ (హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు) మీదా, అరిగిన టైరు మీదా అనుమానించాలి. ఒక వేగంలో మొదలై, ఆ పైన కాస్త తగ్గినట్టు అనిపించే వణుకు బ్యాలెన్సింగుదయ్యే అవకాశం ఎక్కువ. మీ ముందు చక్రం 70 వేగంలో సెకనుకు తొమ్మిదిసార్లు పైగా తిరుగుతుంది. చక్రం ఒక పక్క బరువుంటే తిరిగిన ప్రతిసారీ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఒకసారి తోస్తుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్నపిల్ల చేతి తోపుకైనా ఎలా పెద్దగా ఊగుతుందో, ఫోర్కు తనంతట తాను కదిలే లయకు ఈ తోపులు కలిసిన వేగంలో వణుకు అలా పెరుగుతుంది. ఘాటీలో నలభై దాటరు కాబట్టి అక్కడ ఏమీ తెలియదు. రిమ్ము దగ్గర 30 గ్రాముల తేడా ఉంటే 80 వేగంలో అది మూడు కిలోలకు పైగా బలంతో చక్రాన్ని లాగుతుంది. 40లో ఆ బలం నాలుగో వంతే.

అయినా నేరుగా బ్యాలెన్సింగుకు పోవద్దు. ఈ హెచ్చరిక నా తప్పు వల్ల నేర్చుకున్నది. కొన్నేళ్ళ కిందట ఒక మాస్టారి బండికి ముందు టైరు మార్చి, వణుకుతోందని ఆయన తిరిగి వస్తే, చక్రాన్ని బ్యాలెన్సింగు స్టాండు మీద పెట్టి 45 గ్రాముల బరువులు వేసి పంపాను. స్టాండు మీద చక్రం ముచ్చటగా నిలిచింది. వారానికి ఆయన మళ్ళీ వచ్చారు, ఏమీ అనలేదు, బండి దిగి తాళం నా చేతిలో పెట్టి పక్కన కూర్చున్నారు. ఆ మౌనానికి సిగ్గుపడి, అప్పుడు గాని కింద కూర్చుని టైరు చుట్టూ చూడలేదు. టైరు పక్కన రిమ్ముకు దగ్గరగా సన్నని గీత ఒకటి చుట్టూరా ఉంటుంది. టైరు సరిగా కూర్చుంటే ఆ గీతకూ రిమ్ము అంచుకూ మధ్య ఎడం అన్నిచోట్లా ఒకేలా కనబడాలి. ఆ టైరుకు వాల్వు దగ్గర జానెడు మేర గీత రిమ్ము లోపలికి దిగిపోయి ఉంది. టైరు గుండ్రంగా లేదు, నేను దానికి బరువులు కట్టి గుండ్రం చేయబోయాను. గాలి మొత్తం తీసి, రెండు పక్కలా సబ్బు నీళ్ళు పూసి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా గాలి కొడితే టప్పుమని శబ్దం చేసి గీత పైకి వచ్చింది. బరువులన్నీ పీకి మళ్ళీ చూస్తే 15 గ్రాములు సరిపోయాయి. మీది కూడా కొత్తగా వేసిన టైరే కాబట్టి మొదట ఆ గీత చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

గీత సరిగా ఉంటే, టైరు పక్కన వేసిన బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూడండి. తర్వాత బండిని నడుమ స్టాండు మీద నిలిపి, ముందు చక్రం గాలిలోకి లేచేలా ఇంజను కింద చెక్క పెట్టించి, ఫోర్కుకు ఒక అట్టముక్క టేపుతో అంటించి, దాని కొన రిమ్ముకు తాకీ తాకనట్టు ఉంచి చక్రం తిప్పండి. పక్కకు కానీ పైకీ కిందికీ కానీ రెండు మిల్లీమీటర్లు మించి ఊగితే ముందు ఔట్ తీయించాలి. స్పోకులను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటిగా తట్టండి: బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది చచ్చు శబ్దం చేస్తుంది. టైరు విప్పేటప్పుడు రాడ్లు అదిమిన చోట స్పోకు వదలడం, రిమ్ము అంచు వంగడం మన దగ్గర మామూలే. చక్రం లేచి ఉండగానే ఫోర్కు అడుగున రెండు చేతులా పట్టి ముందుకూ వెనక్కూ లాగితే ఖటుక్కుమంటే కోన్‌సెట్ వదులని అర్థం. చక్రాన్నే పట్టి పక్కకు ఊపితే ఆడితే బేరింగు పోయినట్టు.

ఇవన్నీ దాటిన తర్వాత బ్యాలెన్సింగు. స్పోకు చక్రానికి చేయరు, చేయలేరు అన్నది నిజం కాదు. కారు చక్రం వెడల్పు కాబట్టి దానికి తిప్పి చూసే మెషీను కావాలి. బండి ముందు చక్రం సన్నం కాబట్టి, తిప్పకుండా నిలిపి చూసే పద్ధతి చాలావరకు సరిపోతుంది. కార్ల మెషీను ఉన్న కొట్టుకు వెళితే బండి చక్రం బిగించే అడాప్టరు ఉందా అని ముందే అడగండి. లేకుండా బిగించి చూపించే అంకెలకు అర్థం లేదు. స్టాండు పద్ధతిలో చక్రం ఊడదీసి, నునుపైన ఇనుప కడ్డీ దూర్చి, ఆ కడ్డీని సులువుగా తిరిగే బేరింగుల మీద పెడతాం. మట్టి, పాత బరువుల జిగురు, టైరు గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళు అన్నీ తీసేసిన తర్వాతే మొదలుపెట్టాలి. చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే బరువున్న వైపు ఊగి ఊగి అడుగుకు వచ్చి ఆగుతుంది. సరిగ్గా దాని ఎదుటి పక్క, పైన, సుద్దతో గీత గీసి, అక్కడ 10 గ్రాముల బరువు టేపుతో అంటిస్తాను. అప్పుడు ఆ గీతను గడియారంలో మూడు ఉండే చోటికి తెచ్చి వదలాలి. బరువు పైకి లేస్తే ఇంకా చాలలేదు, కిందికి జారితే ఎక్కువైంది, ఉన్నచోటే ఉంటే సరిపోయింది. ఐదేసి గ్రాములు కలుపుతూ, తీస్తూ, చివరికి చక్రాన్ని ఏ కోణంలో వదిలినా అక్కడే నిలిచే దాకా చేయాలి. తొందరపడకపోతే ఇరవై నిమిషాల పని. అల్లాయ్ చక్రానికి అంటించే బరువులు వాడతాం. స్పోకు చక్రానికి, స్పోకును రిమ్ముకు బిగించే నిప్పిలు దగ్గర స్పోకును కరిచి పట్టుకునే సీసపు బరువులు దొరుకుతాయి. దొరకనప్పుడు సోల్డరింగు తీగ తూకం వేసి స్పోకుకు దగ్గరగా చుట్టి, కొస నొక్కి, పైన టేపు వేస్తాను. చూడటానికి మోటుగా ఉన్నా జారదు.

60 గ్రాములు దాటినా చక్రం నిలవకపోతే బరువులు పెంచుకుంటూ పోవడం పని చేతగానితనం. అప్పుడు గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. చాలా కొత్త టైర్ల మీద పసుపు చుక్క ఒకటి ఉంటుంది. అది సాధారణంగా టైరులో తేలికైన చోటు. వాల్వు దగ్గర రిమ్ము, ట్యూబు బరువు ఎక్కువ కాబట్టి చుక్కను వాల్వు పక్కనే ఉండేలా పెట్టి వేస్తే సగం పని ముందే అయిపోతుంది. మీ టైరు మీద ఆ చుక్క ఇంకా చెరిగిపోకపోతే ఎక్కడుందో చూడండి. వాల్వుకు ఎదురుగా అవతలి పక్కన కనిపిస్తే ఆ కొట్టులో ఎంత శ్రద్ధగా వేశారో మీకే తెలుస్తుంది. చుక్క లేని టైర్లూ ఉన్నాయి, వాటికి స్టాండే దిక్కు. పక్క గోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు కూడా చదవండి; 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసినదని అర్థం. కొత్తదని అమ్మిన టైరు ఏళ్ళ తరబడి ఎండ తగిలే అల్మరాలో వేలాడి ఆకారం తప్పి ఉండటం నేను చూశాను.

పంక్చరు పడదని టైరులో పోసే ద్రవం గురించి మీరు అడగలేదు గాని, నైట్రోజన్ అమ్మిన చోటే దానినీ అమ్ముతారు కాబట్టి చెబుతున్నాను. బండి రాత్రంతా నిలిచి ఉంటే అది అడుగున చేరి, పొద్దున్నే మొదటి కొన్ని కిలోమీటర్లు వణుకు పుట్టిస్తుంది. అది ఉన్న చక్రానికి స్టాండు మీద బ్యాలెన్సింగు చేయడం కుదరదు. మీ టైరులో అది పోసి ఉంటే ముందు ట్యూబు విప్పించి కడిగించండి.

చివరిగా, మామూలు గాలి కలపవచ్చా అన్నది. నిస్సందేహంగా కలపవచ్చు, రెండూ కలిస్తే రబ్బరుకు ఏమీ కాదు, నైట్రోజన్ పాలు నాలుగైదు తగ్గుతుంది, అంతే. నైట్రోజన్ దొరికే ఊరి దాకా అని తక్కువ గాలితో ఘాటీ ఎక్కడం మాత్రం చేయవద్దు. టైరు నలిగి వేడెక్కుతుంది, మలుపులో బండి మాట వినదు, గుంతలో పడితే ట్యూబును రిమ్ము కొరికేస్తుంది. సాలూరు దాటాక టైరు మెత్తగా అనిపిస్తే మొదట కనిపించిన లారీ కొట్టులో ఆగి, కుళాయి విప్పి కాస్త గాలి వృథాగా వదలమని అడగండి. గొట్టంలోంచి నీటి తుంపర రాకపోతే అక్కడే కొట్టించుకోండి. వారి మీటరును పట్టించుకోకుండా మీ చిన్న మీటరుతో చూసి, టైరు వేడిగా ఉంది కనుక రెండు మూడు పాయింట్లు ఎక్కువే ఉంచి, కోరాపుట్ చేరిన మర్నాటి ఉదయం బండి తీయకముందు మళ్ళీ కొలిచి సరిచేసుకోండి.